వాసన పట్టే ప్రొటీన్‌ని సీసాలో కొంటే ఏం వస్తుంది?

మా అన్నయ్య కూతురు గుంటూరు దగ్గర ఒక కాలేజీలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. మొన్న ఆదివారం ఇంటికొచ్చి, భోజనాలయ్యాక ఫోన్‌లో ఒక కేటలాగ్ పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

"బాబాయ్, ఇది మనిషి ముక్కులో వాసన పట్టే ప్రొటీన్ అట. 50 మైక్రోగ్రాములు చిన్న సీసాలో పోసి పంపిస్తారు. దీన్ని ఒక చిప్ మీద అంటించి మన మిర్చి యార్డులో పెట్టామనుకో, బూజు పట్టిన టిక్కీని విప్పకుండానే పసిగట్టదూ?"

ఆలోచన మంచిదే. యార్డులో సరుకు కొనేవాడు ఏం చేస్తాడో చూసినవాళ్లకు ఆ ఆశ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి నాలుగు కాయలు లాగుతాడు, రంగు చూస్తాడు, తుంచి తొడిమ దగ్గర ముక్కు పెడతాడు. తేమ, తాలు, బూజు అన్నీ ఆ రెండు నిమిషాల్లోనే తేలాలి. మధ్యాహ్నం దాకా అలా వాసన చూసి చూసి ముక్కు మొద్దుబారిపోతుంది. దానికి బదులు ఒక యంత్రం ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది.

చిక్కేమిటంటే ఆ కేటలాగ్ పేజీలో ఒక్క అబద్ధం కూడా లేదు. అయినా అది చదివి మా అమ్మాయి అనుకున్నది మాత్రం జరగదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పాలంటే కొంచెం మొదటి నుంచి రావాలి.

యార్డులో తుమ్ము తెప్పించేది వాసన కాదు

గేటు దాటగానే కళ్లు మండి, ముక్కు కారి, వరసగా తుమ్ములు. దాన్ని మనం మిరపకాయల వాసన అనేస్తాం. నిజానికి మిరపకు కారం ఇచ్చే క్యాప్‌సైసిన్ తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం కాదు. కాయల దుమ్ముతో పాటు ముక్కులోకి చేరి, అక్కడున్న నొప్పి నరాలను రెచ్చగొడుతుంది. ఆ నరాల మీద ఉండే ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకుంటుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించేది కూడా ఇదే ప్రొటీన్. కారాన్ని మనం 'మంట' అనడం ఉపమానం కాదన్నమాట, శరీరానికి రెండూ ఒకటే. పక్షుల్లో ఈ ప్రొటీన్‌కు క్యాప్‌సైసిన్ పట్టదు. చిలక పచ్చిమిరపకాయ కొరికి హాయిగా ఉండేది అందుకే.

టీఆర్‌పీవీ1 జన్యువును 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2013లో అదే చోట దాని ఆకారాన్ని దాదాపు పరమాణువు పరమాణువుగా చూశారు. 2021లో జూలియస్‌కు నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. జన్యువు నుంచి ఆకారం దాకా 16 ఏళ్లు.

ఇప్పుడు వాసన సంగతి చూడండి. వాసన రిసెప్టర్ల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు. 2004లో వాళ్లకూ నోబెల్ వచ్చింది. కానీ మనిషి వాసన రిసెప్టర్ ఒక్కదాని ఆకారం కంటికి కనబడింది 2023లో. 32 ఏళ్లు. కారం రిసెప్టర్ కన్నా ఆరేళ్లు ముందు దొరికినది పదేళ్లు వెనకబడింది. ఈ ఆలస్యానికి కారణం తెలిస్తే మా అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

రిసెప్టర్ అనే మాటకు అర్థం, దాని పేరు చదివే పద్ధతి

రిసెప్టర్ అంటే కణం గోడకు బిగించిన కాలింగ్ బెల్లు లాంటిది. బయట ఒక అణువు వచ్చి తగిలితే, అణువు లోపలికి రాకుండానే లోపల కబురు అందుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని గ్రాహకం అంటారు. నేను రిసెప్టర్ అనే అంటాను, ల్యాబులో అందరూ అనేది అదే.

మన ముక్కు పైభాగంలో, కళ్ల మధ్య ఎత్తులో, ఒక చిన్న పొర ఉంది. దాని మీద లక్షల నరకణాలు. మనిషికి పనిచేసే వాసన రిసెప్టర్లు సుమారు 400 రకాలు ఉన్నాయి. ఒక్కో నరకణం వాటిలో ఒక్క రకాన్నే ఎంచుకుని తన మీద పెట్టుకుంటుంది. ఎలుకకు వెయ్యికి పైగా, ఆఫ్రికా ఏనుగుకు దాదాపు 2000 రకాలు. మనకూ ఒకప్పుడు ఎక్కువే ఉండేవి. పాడైపోయి పనికిరాకుండా పోయిన జన్యువులు ఇప్పటికీ వందల్లో మన డీఎన్‌ఏలో పడి ఉన్నాయి, అటక మీద పాత సామాన్లలా.

ఆకారానికి వస్తే, ఇది 300 పైచిలుకు అమైనో ఆమ్లాల దండ. ఆ దండ కణం పొరను సూది దారంలా ఏడుసార్లు గుచ్చుకుంటూ లోపలికీ బయటికీ తిరుగుతుంది. ఇదే కుటుంబంలోని వేరే రిసెప్టర్లు మనకు బాగా తెలిసినవే: బీపీకి వాడే మెటోప్రొలాల్, జలుబుకు వేసుకునే సెట్రిజిన్ పనిచేసేది అలాంటి వాటి మీదే. వాడుకలో ఉన్న మందుల్లో సుమారు మూడో వంతు ఈ కుటుంబాన్నే గురిపెడతాయి. మొత్తం కుటుంబంలో సభ్యులు 800 దాకా ఉంటే, అందులో సగం వాసన రిసెప్టర్లే.

పేర్లు చూస్తే మాత్రం లారీ నంబర్లలా ఉంటాయి. ఉదాహరణకు ఓఆర్11ఏ1. మొదటి రెండక్షరాలు వాసన రిసెప్టర్ అని చెప్పడానికి. 11 కుటుంబం సంఖ్య, ఏ ఉపకుటుంబం, చివరి 1 అందులో వరస సంఖ్య. 11 అంటే 11వ క్రోమోజోమ్ అనుకునేవాళ్లు చాలామంది, జువాలజీ పాఠాలు చెప్పిన రోజుల్లో నేనూ ఒకసారి పొరబడ్డాను. ఈ జన్యువు ఉండేది 6వ క్రోమోజోమ్ మీద. పేరులో వాసన గురించి ఒక్క ముక్క కూడా ఉండదు, ఎందుకంటే పేరు పెట్టిన రోజుకి అది ఏ వాసన పడుతుందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ సగానికి పైగా రిసెప్టర్లు 'అనాథలే'. వాటికి సరిపోయే వాసన ఏదో తేలలేదు.

ఓఆర్11ఏ1కి తేలింది. తొలకరి చినుకు పడ్డప్పుడు లేచే మట్టి వాసనకు కారణమైన జియోస్మిన్ అనే పదార్థం దీన్ని తట్టి లేపుతుందని 2024లో జర్మనీలో మ్యూనిక్ దగ్గరి పరిశోధకులు చూపించారు. బీట్‌రూట్‌లో మట్టి వాసన, చెరువు చేపలో బురద వాసన ఈ జియోస్మిన్ వల్లనే. పులుపు తగిలితే ఇది విరిగిపోతుంది. చెరువు చేపని చింతపండు పులుసులోనే వండాలని పట్టుబట్టే అమ్మమ్మలు ఈ కెమిస్ట్రీ చదవలేదు, నాలుకతో పట్టేశారు. మా అమ్మాయి చూపించిన సీసా మీద ఉన్నదీ ఈ ఓఆర్11ఏ1 పేరే.

ఒక వాసనకు ఒక రిసెప్టర్ అని లెక్క కుదరదు

ఇక్కడ చాలామంది తడబడతారు. 400 రిసెప్టర్లుంటే 400 వాసనలు అనుకుంటారు. 1999లో బక్ బృందం జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి తేల్చింది వేరు: ఒక అణువు అనేక రిసెప్టర్లను తడుతుంది, ఒక రిసెప్టర్ అనేక అణువులకు స్పందిస్తుంది. మెదడు చదివేది ఆ కలయికని. ఆక్టనాల్, ఆక్టనోయిక్ ఆమ్లం అని రెండు పదార్థాలున్నాయి. ఒకే పొడుగు గొలుసు, ఒక చివర మాత్రమే తేడా. ఆ తేడాతో రిసెప్టర్ల కలయిక మారిపోతుంది. మొదటిది నారింజ తొక్క వాసన, రెండోది కంపు కొట్టే పాత నూనె వాసన.

లెక్క వేసి చూద్దాం. పది రిసెప్టర్లు, ప్రతి ఒక్కటీ మోగడం లేదా మోగకపోవడం అనుకుంటే 1024 కలయికలు. 400తో ఆ సంఖ్య రాయాలంటే 121 అంకెలు కావాలి. అందుకే 2014లో మనిషి లక్ష కోట్ల వాసనలను వేరు చేయగలడని ఒక అంచనా వచ్చి పత్రికల్లో మోగిపోయింది. మరుసటి ఏడాదే ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ లెక్క వేసిన పద్ధతి నిలవదని చూపించారు. ఇప్పటికీ ఆ సంఖ్య వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

రీకాంబినెంట్ అంటే వేరే కణం చేత చేయించడం

జన్యువు అంటే వంట రాసిన కాగితం అనుకుంటే, ఒకరింటి కాగితాన్ని ఇంకొకరి వంటవాడికి ఇచ్చి చేయించడం రీకాంబినెంట్ పద్ధతి. మనిషి ఇన్సులిన్‌ను బ్యాక్టీరియా చేత చేయించి 1982లో మందుల షాపులకు తెచ్చారు. మన దగ్గర 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను ఇలాగే తయారుచేసింది. అక్కడ వంటవాడు ఈస్ట్ కణం.

ఈ రెండు విజయాలూ చూసి, మనిషి జన్యువు ఏదైనా ఏ కణంలోనైనా పెడితే అలాగే పని జరుగుతుందని అనిపిస్తుంది. ఇన్సులిన్ నీళ్లలో కరిగే చిన్న ప్రొటీన్. వాసన రిసెప్టర్ సంగతి అలా కాదు.

నీళ్లలో ఉండ కట్టే ప్రొటీన్

రిసెప్టర్ పొరను ఏడుసార్లు గుచ్చుకుంటుందని చెప్పాను కదా. ఆ పొర కొవ్వుతో చేసింది. కాబట్టి దండలో ఆ ఏడు ముక్కలూ కొవ్వుని ఇష్టపడేవి, నీళ్లంటే పడనివి. అలాంటి దాన్ని పొరలోంచి లాగి నీళ్లలో వేస్తే, వేడినీళ్లలో ఒక్కసారిగా పోసిన శనగపిండిలా ఉండ కడుతుంది. ఆ ఉండలో ప్రొటీన్ ఉంటుంది, ఆకారం ఉండదు. ఆకారం లేకపోతే వాసన అణువు కూర్చునే గుంట ఉండదు.

ఉండ కట్టకుండా పట్టుకోవడానికి డిటర్జెంట్లు వాడతారు. గిన్నె జిడ్డును సబ్బు ఎలా చుట్టుకుంటుందో, ఇవీ రిసెప్టర్ నడుము చుట్టూ అలా చేరతాయి. మరీ గట్టి డిటర్జెంటైతే రిసెప్టర్‌నే విప్పేస్తుంది, మెత్తనిదైతే పొరలోంచి లాగలేదు. అమెరికాలో ఎంఐటీ బృందం 2008-09 ప్రాంతంలో ఒక మానవ రిసెప్టర్‌ని ఇలా మిల్లీగ్రాముల లెక్కన తీయడానికి ఎన్నో డిటర్జెంట్లు మార్చి మార్చి చూడాల్సొచ్చింది.

ఇక బ్యాక్టీరియా బదులు మనిషి కణాల్లోనే చేయిస్తే? అందుకు ఎక్కువగా వాడేవి హెక్293 కణాలు. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పిండం కిడ్నీ కణాల నుంచి తయారైన వంశం ఇది. 293 అనేది ఆ ప్రయోగం నంబరు. కారం రిసెప్టర్‌ను కనిపెట్టింది కూడా ఈ హెక్ కణాల్లో జన్యువులు పెట్టి చూసే. టీఆర్‌పీవీ1 ఏ గొడవా లేకుండా కణం పొర మీదికి వచ్చి కూర్చుంది. వాసన రిసెప్టర్లలో చాలా భాగం రాలేదు. కణం లోపల ప్రొటీన్లు తయారయ్యే చోటే చిక్కుకుపోతాయి, గేటు పాసు లేక యార్డులోనే ఆగిపోయిన లారీల్లా.

1998లో ఒక ఉపాయం దొరికింది. కంట్లో వెలుతురును పట్టే రొడాప్సిన్ అనే ప్రొటీన్ మొదటి 20 అమైనో ఆమ్లాలను తెచ్చి వాసన రిసెప్టర్ ముందు తగిలిస్తే కొన్ని బయటికి వచ్చాయి. ఇంకా పెద్ద అడుగు 2004లో పడింది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో హిరోఆకి మట్సునామి బృందం, ముక్కు నరకణాల్లో ఆర్‌టీపీ1 అనే తోడు ప్రొటీన్ ఉందని, అది చెయ్యి పట్టుకుని రిసెప్టర్‌ని పొర దాకా తీసుకొస్తుందని కనుక్కుంది. కిడ్నీ కణంలో అది లేదు. దాన్నీ కలిపి పెడితే చాలా రిసెప్టర్లు పైకి వచ్చాయి. అన్నీ మాత్రం ఇప్పటికీ రావు.

2023లో ఆకారం తెలిసిన రిసెప్టర్ పేరు ఓఆర్51ఈ2. ఆ శాస్త్రవేత్తలు దాన్నే ఎందుకు ఎంచుకున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. ఈ రిసెప్టర్ ముక్కులోనే కాదు, ప్రోస్టేట్ గ్రంథిలో కూడా ఉంటుంది. పరాయి ఊళ్లో ఉండడం అలవాటైనది కాబట్టి హెక్ కణంలోనూ మొండికేయదని ఊహించారు. ఊహ ఫలించింది. స్విస్ చీజ్‌లో ఉండే పుల్లటి ఘాటు వాసన పదార్థం ప్రొపియోనేట్ ఒక ఇరుకు గుంటలో బిగుసుకుని కూర్చున్నట్టు ప్రొటీన్‌ను గడ్డకట్టించి చూసే క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనబడింది. ఆ గుంటని కావాలని వెడల్పు చేస్తే, అంతకు ముందు పట్టని పొడుగు ఆమ్లాలకు కూడా రిసెప్టర్ స్పందించింది.

మొండికేసే మిగతా వాటికి 2024లో ఇంకో దారి తొక్కారు. దగ్గరి చుట్టాలైన రిసెప్టర్ల వరసలన్నీ పక్కపక్కన పెట్టి, ప్రతి స్థానంలో ఎక్కువ మందికి ఏ అమైనో ఆమ్లం ఉందో అది తీసుకుని ఒక 'సగటు' రిసెప్టర్‌ని కట్టారు. అన్నదమ్ములందరి ఫొటోలు కలిపి ఒక ముఖం గీసినట్టు. అది గట్టిగా నిలబడుతుంది, ఆకారం చూడనిస్తుంది. అలాంటి ముఖం ఏ మనిషి ముక్కులోనూ లేదన్నది నిజమే. కుటుంబం పోలిక తెలిస్తే ఒక్కొక్కరిని అర్థం చేసుకోవచ్చన్నదీ నిజమే. నాకు రెండో మాట బలంగా కనిపిస్తోంది, కానీ అసలు రిసెప్టర్‌లో మార్పులు చేసి సరిచూసుకున్నంత వరకే.

కేటలాగ్‌లో ఒక వరసను మాట మాటగా చదివితే

మళ్లీ సీసా దగ్గరికి. ఇలాంటి వాటి మీద మామూలుగా కనిపించే వరస ఇలా ఉంటుంది: "రీకాంబినెంట్ హ్యూమన్ ఓఆర్11ఏ1, పార్షియల్. హోస్ట్: ఈ కోలై. ట్యాగ్: హిస్. ప్యూరిటీ: 85 శాతం పైన, ఎస్‌డీఎస్-పేజ్ ద్వారా. రీసెర్చ్ వాడకానికి మాత్రమే."

పార్షియల్ అనే మాట మీద మా అమ్మాయి కన్ను ఆగలేదు. అంటే మొత్తం ప్రొటీన్ కాదు, ఒక ముక్క. సాధారణంగా పొర బయటో లోపలో వేలాడే ఒక చివర, కొన్ని పదుల అమైనో ఆమ్లాలు. నీళ్లలో కరుగుతుంది కాబట్టి చేయడం సులువు. వాసన కూర్చునే గుంట ఏడు ముక్కలూ కలిస్తేనే ఏర్పడుతుంది. తలుపు లేకుండా గొళ్లెం ఒక్కటీ పంపినట్టు ఇది.

ఈ కోలై అంటే బ్యాక్టీరియాలో చేసినది. మనిషి కణం ఈ రిసెప్టర్ల మొదటి చివరకు చక్కెర గొలుసులు తగిలిస్తుంది, మామూలు ఈ కోలై తగిలించదు. హిస్ ట్యాగ్ అంటే ఆరు హిస్టిడీన్‌ల తోక, నికెల్ ఉన్న గొట్టంలో ప్రొటీన్‌ను పట్టి వేరు చేయడానికి.

ప్యూరిటీ దగ్గర అసలు మెలిక ఉంది. ఎస్‌డీఎస్ అనేది గట్టి డిటర్జెంట్. ఆ పరీక్షలో మొదటి పనే ప్రొటీన్ మడతలన్నీ విప్పి తాడులా చేయడం. తర్వాతే దాన్ని జెల్ అనే మెత్తటి పలకలో పరుగెత్తించి, గీత ఎక్కడ పడిందో బట్టి బరువు చూస్తారు. అంటే 85 శాతం శుద్ధం అన్నది, సీసాలో వేరే ప్రొటీన్లు ఎంత తక్కువున్నాయో చెబుతుంది. ఉన్న ప్రొటీన్ సరిగా మడతపడి ఉందా లేదా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు, ఎందుకంటే మడతలు విప్పేసింది అదే.

పూర్తి నిడివి ప్రొటీన్ అమ్మే వాళ్లూ ఉన్నారు. అక్కడ హోస్ట్ గడిలో 'వీట్ జెర్మ్' అని ఉంటే, గోధుమ మొలక సారంలో కణమే లేకుండా చేశారని అర్థం. కణం లేదు, దాని పొరా లేదు. కొవ్వు బుడగలు విడిగా కలిపితే తప్ప రిసెప్టర్‌కు కూర్చునే చోటు ఉండదు. దానికి జీఎస్‌టీ ట్యాగ్ కూడా ఉంటే ఒక చిన్న కూడిక గుర్తుంచుకోవాలి. ఈ జీఎస్‌టీకి బిల్లు మీద వేసే జీఎస్‌టీతో సంబంధం లేదు, ఇది 26 కిలోడాల్టన్ల (ప్రొటీన్ల బరువు చెప్పే కొలత) బరువున్న తోడు ప్రొటీన్. రిసెప్టర్ సుమారు 35. రెండూ కలిస్తే 61. జెల్ మీద 35 దగ్గర గీత కోసం వెతికి, 61 దగ్గర చూసి, తప్పు సరుకు పంపారని టెన్షన్ పడ్డ విద్యార్థులు నాకు తెలుసు.

పరిమాణం మాటేమిటి? 35 కిలోడాల్టన్ల ప్రొటీన్ 50 మైక్రోగ్రాములంటే 1.4 నానోమోల్, అంటే సుమారు 8.6 కోట్ల కోట్ల అణువులు. వినడానికి బ్రహ్మాండం. మడత లేని ప్రొటీన్ ఎన్ని కోట్ల కోట్లున్నా వాసన లెక్కలో సున్నానే.

అలాగని పనికిరాని సరుకు అనడం తప్పు. కుందేలులో యాంటీబాడీ, అంటే ఆ ప్రొటీన్‌ను గుర్తుపట్టి అంటుకునేది, పుట్టించడానికి ఆ ముక్క చాలు. జెల్ మీద విడదీసిన ప్రొటీన్‌ను యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో మన యాంటీబాడీ సరైనదాన్నే పట్టుకుంటోందా అని చూసుకోవడానికీ చాలు. అక్కడా జాగ్రత్త కావాలి: 400 రిసెప్టర్లు ఒకదానికొకటి చుట్టాలు కాబట్టి, ఒకదానికని పుట్టించిన యాంటీబాడీ పక్కదాన్ని కూడా పట్టుకోవచ్చు. ఇప్పుడు నానోడిస్క్ రూపంలోనూ రిసెప్టర్లు దొరుకుతున్నాయి, చిన్న కొవ్వు పొర ముక్కకు చుట్టూ ప్రొటీన్ పట్టీ కట్టినవి. పొర ఉంది కాబట్టి మేలు. అయినా 'యాక్టివ్' అని రాసి ఉంటే, ఏ పదార్థంతో పరీక్షించారో ఆ గ్రాఫు కూడా ఉండాలి.

మిణుగురు వెలుతురుతో రిసెప్టర్ మాట వినడం

జియోస్మిన్‌కు ఓఆర్11ఏ1 జత అని తేల్చింది ఇలాంటి సీసాలోని ప్రొటీన్‌తో కాదు. బతికున్న కణాలతో. ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏలో రిసెప్టర్ జన్యువు పెట్టి హెక్ లాంటి కణంలోకి పంపుతారు. కణం తన పొర మీద రిసెప్టర్‌ని తానే నిలబెట్టుకుంటుంది. వాసన తగిలితే రిసెప్టర్ లోపల క్యాంప్ అనే చిన్న అణువును పెంచుతుంది. క్యాంప్ పెరిగితే వెలుతురు వచ్చేలా, మిణుగురు పురుగు నుంచి తెచ్చిన లూసిఫరేజ్ జన్యువును ముందే అమరుస్తారు. ఎంత స్పందిస్తే అంత వెలుగు.

అంకెలు చదవడంలోనే మోసపోతాం. ఊరికే ఉదాహరణకు కొన్ని అంకెలు తీసుకుందాం. రిసెప్టర్ ఉన్న కణాల్లో వాసన లేనప్పుడు 1200, వాసన వేశాక 6000. ఐదు రెట్లు. సంబరపడే ముందు, రిసెప్టర్ లేని ఖాళీ ప్లాస్మిడ్ కణాలను చూడాలి. అక్కడ 1000 కాస్తా 1100 అయితే ఫలితం నిలుస్తుంది. అదే 1000 కాస్తా 4800 అయిందనుకోండి, వెలుగు పెంచింది రిసెప్టర్ కాదు. ఆ పదార్థమే నేరుగా కణంలోకి దూరి క్యాంప్‌ని పెంచిందన్నమాట. కోలియస్ మొక్క వేళ్ల నుంచి తీసే ఫోర్‌స్కోలిన్ అచ్చం అలాగే చేస్తుంది. ఖాళీ కణాల వరస లేని గ్రాఫు కనబడితే నేను పేజీ తిప్పేస్తాను.

డిష్‌లో నిజం ముక్కులో కూడా నిజమేనా?

ఇక్కడ పరిశోధకుల్లోనే రెండు మాటలున్నాయి. సందేహించేవాళ్లు అనేది: ముక్కులో చీమిడి పొర ఉంది, అందులో వాసన అణువుల్ని మార్చేసే ఎంజైములున్నాయి, ల్యాబులో కణాలు పెంచే డిష్‌లో అవేవీ లేవు. కంటి ప్రొటీన్ తోక తగిలించుకుని, కిడ్నీ కణం మీద కూర్చున్న రిసెప్టర్ చెప్పేది సాక్ష్యమెలా అవుతుంది? పైగా డిష్‌లో చాలాసార్లు ముక్కు పట్టేదాని కన్నా ఎంతో ఎక్కువ గాఢత వేస్తే గానీ వెలుగు రాదు.

నమ్మేవాళ్లు 2007 నాటి ఒక పరిశోధన చూపిస్తారు. ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం కొందరికి చెమట కంపు, కొందరికి వెనిలా తీపి, కొందరికి అసలు వాసనే లేదు. దానికి స్పందించే ఓఆర్7డీ4 జన్యువులో జనంలో తేడాలున్నాయి. ఏ రూపం డిష్‌లో బలంగా వెలిగిందో ఆ రూపం ఉన్నవాళ్లే ఆ వాసన ఘాటుగా ఉందన్నారు. డిష్, ముక్కు ఒకే మాట చెప్పాయి. కొత్తిమీర సబ్బు వాసనేస్తుందనేవాళ్ల గురించి 2012లో వచ్చిన ఫలితం ఇంత గట్టిది కాదు. ఓఆర్6ఏ2 ఉన్న ప్రాంతంలో ఒక తేడాకీ ఆ అయిష్టానికీ సంబంధం కనబడింది, అయితే ఆ ప్రభావం చిన్నది. పచ్చడిలో కొత్తిమీర వేయొద్దనే ప్రతివాళ్లకీ జన్యువే కారణమనలేం.

ఇంకో పాత తగువు కూడా ఈ డిష్‌ల మీదే నడిచింది. వాసన తెలిసేది అణువు ఆకారం వల్ల కాదు, దాని కంపనాల వల్ల అని 1996లో లూకా ట్యూరిన్ ప్రతిపాదించాడు. హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యూటీరియం పెడితే ఆకారం అదే, కంపనం మారుతుంది. ఈగలు ఈ తేడా పట్టగలవని 2011లో ఒక బృందం చెప్పింది. 2015లో మరో బృందం కస్తూరి వాసనకు స్పందించే మానవ రిసెప్టర్‌ని డిష్‌లో పెట్టి చూస్తే, రెండు రూపాలకూ స్పందన ఒకటే. చాలామందికి ఆకారం వాదమే నిలిచినట్టు అనిపించింది, 2023 నాటి ఇరుకు గుంట బొమ్మ కూడా అటే మొగ్గుతోంది. డిష్‌లో ఫలితం ముక్కుకు వర్తించదనే అభ్యంతరం మాత్రం అక్కడా వచ్చింది.

మళ్లీ మిర్చి టిక్కీ దగ్గరికి

అలాంటి చిప్ అసాధ్యం కాదు. రిసెప్టర్లున్న పొర ముక్కల్ని కార్బన్ నానోట్యూబుల మీద, గ్రాఫీన్ మీద అమర్చి వాసనకు కరెంటు మారేలా చేసిన ప్రయోగాలు ఉన్నాయి. బయట 'ఎలక్ట్రానిక్ ముక్కు' పేరుతో అమ్మే చాలా పరికరాల్లో ప్రొటీనే ఉండదు, మెటల్ ఆక్సైడ్ సెన్సర్లు ఉంటాయి. ఈ రెండింటినీ కలిపి రాసే వార్తల వల్లే సగం గందరగోళం.

రిసెప్టర్ చిప్ ల్యాబు దాటి యార్డుకు రావడానికి అడ్డం మన్నిక. ఆరిపోతే రిసెప్టర్ విప్పుకుంటుంది, వేడికి విప్పుకుంటుంది, మే నెలలో గుంటూరు ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. మన ముక్కు మాత్రం ఇన్నేళ్లు ఎలా పనిచేస్తోంది? వాసన నరకణాలు పాడైపోతూ, వాటి చోట కొత్తవి పుడుతూనే ఉంటాయి, జీవితాంతం. చిప్‌కు ఆ వసతి లేదు.

ఇంకొకటి. బూజు వాసన అంటే జియోస్మిన్ ఒక్కటే కాదు, పుట్టగొడుగు వాసనిచ్చే ఆక్టెనాల్ (ఇందాకటి నారింజ వాసన ఆక్టనాల్ కాదు) లాంటివి చాలా ఉంటాయి. ఎగుమతి సరుకుని వెనక్కి కొట్టించే బూజు విషం ఆఫ్లటాక్సిన్‌కైతే ముక్కుకు అందే వాసనే లేదు. కాబట్టి ఎంత గొప్ప ముక్కు పెట్టినా ఆ పరీక్ష ల్యాబులో వేరేగా చేయాల్సిందే.

ఇదంతా విని మా అమ్మాయి కాసేపు ఫోన్ తిరగేసింది. "అయితే బాబాయ్, నేను అడగాల్సింది ప్రొటీన్ కాదు, ప్లాస్మిడ్."

"అవును. కణాలు పెంచే ఇంక్యుబేటర్ ఉందా మీ దగ్గర?"

"ఉంది. రెండేళ్లుగా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేదు."

సీసా ఆర్డర్ రద్దు చేయలేదు. ఆ ముక్కతో ముందు వెస్టర్న్ బ్లాట్ చేయడం నేర్చుకుంటానంది. సిలిండర్ కోసం హెచ్ఓడీకి లెటర్ రాసిపెట్టమని నాకు పని చెప్పి వెళ్లింది.